పదిహేను మగ్గుల వాననీళ్లు

మొన్న ఆదివారం తొట్టిలోంచి స్పాంజ్ ఫిల్టర్ తీసి, బకెట్‌లో ఆ తొట్టి నీళ్లే కాసిని పోసి, అందులో ముంచి పిండాను. ముదురు గోధుమరంగు మడ్డి దిగింది. దానితో పాటు తడిమట్టి వాసన గుప్పున లేచింది. చేపలు పెంచేవాళ్లకు బాగా తెలిసిన వాసన అది. కుళ్లు కంపు కొడితే తొట్టిలో ఎక్కడో ఏదో చెడిందని అర్థం. వానకు తడిసిన నేల వాసన వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టు. ఆ తేడా నాకు నేర్పింది నాన్న. స్పాంజిని కుళాయి కింద పెట్టి కడగవద్దని, కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కు అందులో కాపురమున్న మంచి బాక్టీరియా చచ్చిపోతుందని చెప్పిందీ ఆయనే. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ నైట్రేట్‌గా మార్చేది ఆ కంటికి కనిపించని జీవులేనని నాకు ఎనిమిదో ఏటికే తెలుసు. ఆ పేర్లు పలకడం మాత్రం సరిగా వచ్చేది కాదు.

చేతులు తుడుచుకోవడం మరిచిపోయి కాసేపు అలాగే నిలబడిపోయాను. మా పాత ఇంటి ముందుగది, అందులో గోడవారగా ఇనుప చట్రం తొట్టి, మూత కింద పచ్చగా వెలిగే రెండు బల్బులు, దాని ముందు పీట వేసుకుని మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చున్న నాన్న కళ్ల ముందు కదిలారు.

*

ఇప్పటి తొట్లకు సిలికాన్ అతుకులు ఉంటాయి. చట్రం అక్కరలేదు. ఆ రోజుల్లో మాది ఇనుప కోణాలతో చేసిన చట్రం, దానికి లోపలి నుంచి గాజు పలకలు, మధ్యలో పుట్టీ. ఆ పుట్టీ ఎండితే మూలల్లో నీరు చెమ్మగా ఊరేది. నాన్న ప్రతి రాత్రి పడుకునే ముందు నాలుగు మూలలూ వేలితో తడిమి చూసేవారు. వేలు పొడిగా వస్తేనే దీపం ఆర్పేవారు.

గాలి పంపును మడత పెట్టిన గుడ్డ మీద, తొట్టి కంటే ఎత్తులో ఉన్న అలమరలో పెట్టేవాళ్లం. కింద పెడితే, పంపు ఆగినప్పుడు గొట్టం వెంట నీళ్లు వెనక్కి పారి పంపులోకి వచ్చేస్తాయి. గుడ్డ వేసినా దాని గురగుర ఆగేది కాదు. మా ఇంట్లో రాత్రి అంటే ఆ చప్పుడే. హీటర్ వేరు, థర్మోస్టాట్ వేరు. నీళ్లు చల్లబడగానే థర్మోస్టాట్ టిక్కుమనేది. నిద్ర పట్టని రాత్రుల్లో ఒక టిక్కుకూ ఇంకో టిక్కుకూ మధ్య ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టేదాకా మెలకువగా ఉండేవాణ్ణి. పంపు ఆగిపోతే మాత్రం ఇంటిల్లిపాదీ లేచేవాళ్లం. ఆ నిశ్శబ్దమే మమ్మల్ని తట్టి లేపేది.

నీళ్లు మార్చే రోజు ఇంకో పద్ధతి. సన్నని గొట్టం ఒక కొస తొట్టిలో, రెండో కొస నాన్న నోట్లో. ఒక్క పీల్పు పీల్చి, నీరు పెదవికి తగిలేలోపు కొసను బకెట్‌లోకి వంచేవారు. నేను చేస్తే ప్రతిసారీ నోరు నిండేది. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది, పాచి పట్టిన రాయిని నాకినట్టు. కొత్త నీళ్లను ముందు రోజే బకెట్లలో పట్టి, క్లోరిన్ పోయేదాకా మూత లేకుండా ఉంచి, తొట్టి నీళ్లంత గోరువెచ్చగా చేసి పోయాలి. వేడిలో తేడా రాకూడదు. అది మా ఇంటి చట్టం.

*

మొదటి ఆరు కోరీలు, అంటే కోరిడోరాస్ చేపలు, మా తొట్టిలోకి ఎలా వచ్చాయో గుర్తు లేదు. వచ్చాక చూసిన మొదటి దృశ్యం మాత్రం గుర్తుంది. ఆరూ ఒకే దిక్కుకు తలలు పెట్టి, గులకరాళ్ల మీద పొట్టలు ఆనించి, మీసాలు కదుపుతూ కూర్చున్నాయి. బూడిదరంగు ఒళ్లు, దాని మీద నల్లని మరకలు, పక్కలకు తిరిగితే ఆకుపచ్చని మెరుపు. ఇంతలో వాటిలో ఒకటి నా వైపు కన్ను గీటింది. నిజంగానే. కోరీలు కనుగుడ్డును కిందికి తిప్పి మళ్లీ పైకి తెచ్చుకుంటాయి. చూసేవాళ్లకు అచ్చం కన్ను గీటినట్టే ఉంటుంది. "నాన్నా, నన్ను పలకరించింది!" అని అరిచాను. ఆయన కాదనలేదు.

కోరిడోరాస్ అంటే దక్షిణ అమెరికా నదుల్లో, వాగుల్లో బతికే చిన్న మీసాల చేపలు. పొలుసులుండవు. వాటి బదులు ఒక్కో పక్కన రెండు వరుసల ఎముక పలకలు కప్పుకుని ఉంటాయి. 1803లో లసెపెడ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త వాటికి ఆ పేరు పెట్టినప్పుడు శిరస్త్రాణం, చర్మం అనే అర్థాలున్న గ్రీకు మాటలు కలిపాడు. మా తొట్టిలోని రకం పెప్పర్డ్ కోరి. అప్పట్లో దాని శాస్త్రీయ నామం కోరిడోరాస్ పేలియేటస్. బీగిల్ నౌక ప్రయాణంలో చార్లెస్ డార్విన్ సేకరించిన చేపలను పరిశీలించి, 1842లో జెనిన్స్ అనే ఇంగ్లిష్ ప్రకృతి శాస్త్రవేత్త వర్ణించిన జాతి ఇది. నాన్నకు ఆ సంగతి ఎంత ఇష్టమో చెప్పలేను. ఎవరు వచ్చినా తొట్టి ముందు నిలబెట్టి, "ఇవి డార్విన్ చూసిన చేపలు" అనేవారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు కొద్దిగా మారేది.

వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటి ఉండేది: "ఇవి అడుగున చెత్త తిని తొట్టిని శుభ్రం చేస్తాయట కదా." నాన్నకు ఆ మాట అస్సలు గిట్టేది కాదు. నాకూ గిట్టదు. మిగతా చేపలు వదిలేసింది తిని బతకమని కోరీని తొట్టిలో వేయడమంటే, దాన్ని మెల్లగా ఆకలితో చంపడమే. దానికీ దాని తిండి ఉండాలి. నాన్న సన్నని ఎర్రటి ట్యూబిఫెక్స్ పురుగులను వెడల్పు గిన్నెలో, బొట్టు బొట్టుగా పడే కుళాయి కింద ఉంచేవారు. అవి ఒకదానికొకటి చుట్టుకుని ఎర్రని ఉన్ని ఉండలా ఉండేవి. వేలు తగిలితే ఉండ విడిపోయేది, కాసేపటికి మళ్లీ కట్టుకునేది. అమ్మ ఆ కుళాయి వైపు వెళ్లేది కాదు.

కొన్నాళ్లకు ఒక చేప మీసాలు పొట్టిగా కనిపించాయి. తర్వాత ఇంకోదానికి. గరుకు గులకరాళ్ల మధ్య పేరుకున్న మురికిలో తవ్వీ తవ్వీ మీసాలు అరిగి, పుండ్లు పడి, రాలిపోతున్నాయి. నాన్న ఒక సెలవు రోజు మొత్తం తొట్టిని ఖాళీ చేసి, రాళ్లన్నీ తీసేసి, సన్నని ఇసుకను నీళ్లు తేటగా వచ్చేవరకు కడిగి పరిచారు. సాయంత్రం చేపలను వదిలాం. మొదటిది ఇసుకను తాకి ఒక్క క్షణం ఆగింది. తర్వాత కళ్లదాకా ముఖం దూర్చేసి నోటినిండా ఇసుక తీసుకుంది. ఆ ఇసుక దాని మొప్పల వెనక నుంచి రెండు సన్నని ధారలుగా జారిపోయింది. నాన్న, నేను ఏమీ మాట్లాడుకోలేదు. ఆ రాత్రి దీపం చాలా ఆలస్యంగా ఆరింది.

*

చేపలు పెరిగాయి. పైనుంచి చూస్తే ఆడవి వెడల్పుగా, గుండ్రంగా కనిపిస్తాయి, మగవి సన్నగా ఉంటాయి. మా ఆరింటిలో రెండు ఆడవని తేలింది. ఒక ఆడచేపకు ఇద్దరు మగలు ఉంటే మంచిదని పెంపకందారులు అంటారు, మాకు ఆ లెక్క దానంతట అదే కుదిరింది. ఆడవాటి పొట్టలు నిండి గులాబిరంగు తేలాయి. అయినా గుడ్లు లేవు. నాన్న వేడి పెంచి చూశారు. తిండి మార్చి చూశారు. ఏడాదికి పైగా గడిచింది. ఈ జాతిని 1878లోనే ప్యారిస్‌లో కార్బొనియే అనే చేపల పెంపకందారు పిల్లలు పెట్టించాడని చదివి, నూరేళ్ల కిందటివాడికి చేతనైంది మనకెందుకు కాలేదని బాధపడేవారు.

ఆ రోజు పొద్దున్న నాన్న తొట్టిలో మూడోవంతు దాకా నీళ్లు తోడేశారు, హీటర్ ఆపారు. అంతలో ఏదో అవసరమై బయటకు వెళ్లవలసి వచ్చింది. సాయంత్రం వచ్చి నీళ్లు నింపుతానని, తొట్టి ముట్టుకోవద్దని చెప్పి వెళ్లారు. పగలంతా వాన. మబ్బు ఇంటి మీదికి దిగినట్టుగా చీకటి. నీళ్లు తగ్గినందుకు ఫిల్టర్ గొట్టం పైకి తేలి, గాలి బుడగలు చిటపటా పేలుతున్నాయి. ఆ చప్పుడు వింటుంటే చేపలకు ఊపిరాడడం లేదేమో అనిపించింది. మధ్యాహ్నానికి ఒక కోరి సర్రున పైకి దూసుకొచ్చి, నీటి పైన గుటుక్కున గాలి మింగి, అంతే వేగంగా కిందికి పోయింది. కోరీలు మామూలుగానే అలా చేస్తాయి. మింగిన గాలిలోని ఆక్సిజన్‌ను వాటి పేగు పీల్చుకుంటుంది. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. చచ్చిపోతున్నాయనుకున్నాను.

పెరట్లో ఆరుబయట ఉన్న బకెట్ వాననీళ్లతో నిండి ఉంది. మగ్గు తీసుకుని, ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ పోశాను. పదిహేను మగ్గులు. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయంటే వేళ్లు ఎర్రబడ్డాయి. అంతా అయ్యాక థర్మామీటర్ చూశాను. ఎప్పుడూ 26 దగ్గర ఉండే ఎర్రగీత 24కి కిందికి దిగి ఉంది. అప్పుడు భయం వేసింది.

నాన్న వచ్చేసరికి నేను పడుకున్నట్టు నటిస్తున్నాను. ఆయన తొట్టి దగ్గర నిలబడిన అలికిడి వినిపించింది. చాలాసేపు నిలబడ్డారు. నన్ను లేపలేదు.

తెల్లవారుజామున ఆయనే భుజం తట్టారు. నోటి మీద వేలు పెట్టుకుని రమ్మని సైగ చేశారు. తొట్టిలో బల్బు వేయలేదు, కిటికీ వెలుతురే. కోరీలు అద్దం వెంట పైకీ కిందికీ తిరుగుతున్నాయి. రెండు మగచేపలు ఒక ఆడచేప వీపు మీద మీసాలు ఆడిస్తూ వెంటపడుతున్నాయి. కాసేపటికి ఒక మగచేప అడ్డంగా ఆగింది. ఆడచేప వచ్చి దాని పొట్టకు నోరు ఆనించింది. రెండూ కలిసి ఇంగ్లిష్ టీ అక్షరంలా ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా ఉండి, కొన్ని క్షణాలు కదలకుండా వణికాయి. విడిపోయాక ఆడచేప పొట్ట కింది రెండు రెక్కలను దోసిలిలా ముడుచుకుంది. ఆ దోసిట్లో రెండు తెల్లని గుడ్లు.

దోసిలి విప్పకుండా అది పైకి ఈదింది. అద్దం మీద ఒకచోట నోటితో రుద్ది చూసింది. నచ్చలేదు. ఇంకో జానెడు పైకి వెళ్లి మళ్లీ రుద్దింది. తర్వాత పొట్టను అద్దానికి గట్టిగా అదిమి, రెండు క్షణాలు ఆగి, వదిలి వెళ్లిపోయింది. మా ముక్కులకు బెత్తెడు దూరంలో, అద్దానికి అవతల, ఆవగింజంత గుడ్లు రెండు అంటుకుని ఉన్నాయి.

అప్పుడు అడిగారు నాన్న, చూపు తొట్టి మీద నుంచి తిప్పకుండా:

"ఎన్ని మగ్గులు పోశావు?"

"పదిహేను."

"లెక్కపెట్టావా?"

"లెక్కపెట్టాను."

"ఏ నీళ్లు?"

"పెరట్లో వాననీళ్లు నాన్నా."

"పోశాక థర్మామీటర్ చూశావా?"

"24 కంటే కొంచెం కింద ఉంది."

నన్ను తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి అడుగుతున్నారు. పెద్దవాళ్లు నన్ను అలా అడగడం అదే మొదటిసారి. నేను చెప్పిన ప్రతి అంకెనూ క్యాలెండర్ వెనుక పెన్సిల్‌తో రాసుకున్నారు. వాటి సొంత వాగుల్లో వానలు మొదలైనప్పుడు ఏమవుతుందో నేను తెలియక అదే చేశాను. చల్లని, లవణాలు తక్కువున్న కొత్త నీరు ఒక్కసారిగా వచ్చి కలుస్తుంది, వాతావరణ పీడనం పడిపోతుంది, ఇక పిల్లలకు తిండికి లోటుండదని చేపలకు తెలుస్తుంది. ఇప్పుడు ఏ పెంపకందారుణ్ణి అడిగినా చల్లనీళ్లు పోయమనే చెబుతారు. మా ఇంట్లో మాత్రం ఆ పద్ధతికి ఎప్పటికీ "పదిహేను మగ్గులు" అనే పేరు.

*

గుడ్లు పెట్టించడం సులువే, పిల్లలను బతికించడమే కష్టమని ఆ తర్వాత తెలిసింది. మొదటిసారి గుడ్లను తొట్టిలోనే వదిలేశాం. మర్నాటికి సగం లేవు. పెట్టిన చేపలే తినేశాయి. మిగిలినవాటిలో ఫలించనివి పాలలా తెల్లబడ్డాయి, వాటి మీద దూదిలా బూజు పట్టింది, ఆ బూజు పక్కనున్న మంచి గుడ్లకూ పాకింది. ఐదో రోజుకు పిల్లలుగా మిగిలింది ఏడు. అవీ వారం తిరగకుండా పోయాయి. ఉడికించిన గుడ్డు పచ్చసొనను గుడ్డలో పిండి వేశాం. ఆ సొన అడుగున చేరి నీళ్లను పాడు చేసింది.

రెండోసారి నాన్న తొందరపడలేదు. గుడ్లు పెట్టిన గంటా రెండు గంటలకు వాటి పైపొర గట్టిపడుతుంది. అప్పుడు వేలి కొసతో మెల్లగా దొర్లిస్తే అద్దం నుంచి చితకకుండా ఊడివస్తాయి. ఆ పని నాది. నా వేళ్లు సన్నమని నాకు ఇచ్చారు. ఒక్కొక్కటే దొర్లించి, తొట్టి నీళ్లే పోసిన వేరే గిన్నెలోకి చేర్చాను. అందులో సన్నగా గాలి, బూజు పట్టకుండా రెండు చుక్కల మిథిలీన్ బ్లూ అనే నీలిమందు. నీళ్లు లేత నీలంగా మారాయి. నాన్న వేళ్లూ, నా వేళ్లూ, అమ్మ కొత్త తువాలూ కూడా.

రోజూ బడికి వెళ్లే ముందు భూతద్దంతో చూసేవాణ్ణి. తెల్లబడినవాటిని గొట్టంతో ఏరివేయాలి. బతికున్నవి మొదట తేనెరంగుకు, తర్వాత గోధుమరంగుకు తిరుగుతాయి. మూడో రోజు గుడ్డు లోపల రెండు నల్లని చుక్కలు కనిపించాయి. కళ్లు. నాలుగో రోజు తోక కొట్టుకోవడం కనిపించింది. ఆ సాయంత్రం ఒక గుడ్డు పగిలి, పొట్టకు సొన సంచితో ఒక వెంట్రుక ముక్కలాంటిది బయటపడి, గిన్నె అడుగున గిరగిరా తిరిగి ఆగింది.

సొన సంచి ఉన్న రెండు రోజులూ తిండి అక్కరలేదు. ఆ తర్వాత కావలసింది బతికున్న తిండి. ప్లాస్టిక్ సీసాను అడుగు కోసి తలకిందులు చేసి, లీటరు ఉప్పునీళ్లలో ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్యల గుడ్లు వేసి, గాలి గట్టిగా వదిలేవాళ్లం. ఒకటిన్నర రోజుకు పగిలి పిల్లలయ్యేవి. గాలి ఆపి ఒక పక్క దీపం పెడితే, కాషాయరంగు ధూళిలాంటి రొయ్య పిల్లలు వెలుగు దగ్గరికి మందగా చేరతాయి. పెంకులు పైకి తేలతాయి. గుడ్డలో వడగట్టి మంచినీళ్లతో కడిగి, పిల్లలకు చుక్కలు చుక్కలుగా వేయాలి. పది నిమిషాల తర్వాత చూస్తే ప్రతి చేపపిల్ల పొట్టా కాషాయరంగులో గుండ్రంగా మెరిసేది. వాటికి పొట్ట నిండిందో లేదో ఎవరినీ అడగనక్కరలేదు, కంటికే కనిపిస్తుంది. రోజూ పొద్దునా సాయంత్రం ఇది, గిన్నె అడుగు జిగురు తుడవడం, నీళ్లు మార్చడం. ఒక్క పూట మానినా పిల్లలు పోతాయి. ఆ విడతలో యాభైకి పైగా బతికాయి. మీసాలు మొలిచి, ఒంటి మీద మరకలు దిగి, నెలన్నరకు తల్లుల నమూనాలైపోయాయి.

*

ఉద్యోగంలో చేరాక నాతో వచ్చిన సామాన్లలో మొదటిది తొట్టి. పాండా కోరీలు పెంచాను. కంటికి నల్లని పట్టీ, తోక మొదట్లో నల్లని మచ్చ, ఒక్కోసారి పాతిక గుడ్లు కూడా పెట్టవు. పిగ్మీ కోరీలు పెంచాను. అంగుళం పొడవుండే ఆ చేపలు అడుగున కూర్చోవు, మంద కట్టి నడి నీళ్లలో ఆగి ఉంటాయి. అన్నీ బాగానే సాగాయి, ఒక్క ఇల్లు మారిన రోజు తప్ప.

ఆ రోజు తొందరలో పెద్ద కోరీలన్నిటినీ ఒకే సంచిలో వేసి కట్టాను. కోరీల వీపు రెక్కకూ, పక్క రెక్కలకూ గట్టి ముళ్లుంటాయి. బెదిరితే అవి బిగుసుకుంటాయి. మరీ బెదిరితే ఒంటి నుంచి విషం వదులుతాయి. పెద్ద తొట్టిలో దాని ప్రభావం తెలియదు కాని, సంచిలో ఉన్న రెండు లీటర్ల నీళ్లలో అదే వాటి ప్రాణం తీస్తుంది. దారిలో చూసేసరికి నీళ్లు నురగ కట్టి ఉన్నాయి. ముగ్గురు పోయారు. చేపలను "పోయారు" అనడం వ్యాకరణానికి కుదరదు, నాకు మాత్రం ఇంకోలా రాయాలని లేదు. ముందు బకెట్‌లోకి మార్చి, బెదురు తీరేదాకా అరగంట ఆగి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఒక్కొక్కటిగా సంచుల్లో కట్టాలని నాన్న తర్వాత చెప్పారు. ముందే అడిగి ఉండవలసింది.

ఆ రోజుల్లోనే ఒక సంగతి చదివి నాన్నకు ఉత్తరం రాశాను. ఆ టీ ఆకారంలో ఆడచేప నోటితో ఏం చేస్తుందో 1995లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు. మగచేప వీర్యాన్ని అది మింగుతుంది. అది పేగుల గుండా కొద్ది క్షణాల్లోనే దాటి, దోసిట్లో ఉన్న గుడ్ల దగ్గరికి చేరుతుంది. రంగు వాడి మరీ రుజువు చేశారు. మేం ఎన్నో తెల్లవారుజాముల్లో ముక్కు అద్దానికి ఆనించి చూసిన వింత అదేనన్న మాట. నాన్న జవాబులో ఒకే ఒక్క వాక్యం దాని గురించి: "మన కళ్ల ముందే జరిగింది, మనకు తట్టలేదు." ఆ వాక్యం కింద గీత గీశారు.

*

2024లో శాస్త్రవేత్తలు కోరిడోరాస్ ప్రజాతిని విడగొట్టారు. మా పెప్పర్డ్ కోరి ఇప్పుడు హోప్లిసోమా పేలియేటమ్. ఫోనులో చెబితే నాన్న పేరు రెండుసార్లు పలికించుకుని, "డార్విన్ చూసినప్పుడు ఇంకో పేరు ఉండేది కదా" అన్నారు. అవును, అప్పుడు కాలిక్తిస్.

నాన్నకు ఇప్పుడు చూపు బాగా తగ్గింది. తొట్టి దగ్గర కూర్చోబెడితే వెలుతురు మాత్రం తెలుస్తుంది. పంపు చప్పుడు ఎప్పుడు మారిందో మాకంటే ముందు ఆయనకే తెలుస్తుంది. వచ్చినప్పుడల్లా స్పాంజ్ పిండి బకెట్ దగ్గర పెట్టమంటారు. వాసన చూసి తల ఊపుతారు.

మొన్న స్పాంజ్ పిండిన రాత్రే వాన పట్టింది. మా పాపకు మగ్గు ఇచ్చాను. లెక్కపెట్టమన్నాను. ఇప్పటి తొట్టి పాతదానికి రెండింతలు, అందుకని ముప్ఫై వరకు వెళ్లింది. మధ్యలో ఒకసారి లెక్క తప్పితే, అంతవరకు పోసినవి గుర్తు చేసుకుని మళ్లీ మొదలుపెట్టింది. తెల్లవారి లేచి చూస్తే అద్దం మీద, ఆకుల అడుగున, ఫిల్టర్ గొట్టం మీద కూడా గుడ్లు. నాన్నకు ఫోను చేశాను.

"ఎన్ని?"

"అద్దం మీద తొంభై రెండు. ఆకుల కింద ఇంకా లెక్కపెట్టలేదు."

"నీళ్లు ఎవరు పోశారు?"

"పాప."

"ఫోను పాపకు ఇవ్వు," అన్నారు. ఇచ్చాను. గది అవతలి నుంచి దాని గొంతు వినిపిస్తోంది. "ముప్ఫై తాతయ్యా... లెక్కపెట్టాను... వాననీళ్లు... ఉండు తాతయ్యా, థర్మామీటర్ చూసి చెబుతాను."